అడగకుండా టిక్కు పెట్టిన రోజు

నడుము నొప్పితో మొదలుపెడతాను. ఈ ఉద్యోగం నా దగ్గర చివరికి వదిలిపెట్టి పోయింది దాన్నే. ఎక్స్‌రే కిరణాలు తగలకుండా వేసుకునే సీసపు కోటు రోజుకు ఏడెనిమిది గంటలు మోసేదాన్ని. ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో, గుండెకు యాంజియోగ్రామ్‌లు చేసే కాత్ ల్యాబ్‌లో, టెక్నీషియన్‌గా ఇరవై ఆరేళ్లు చేశాను. దిగిపోయి ఏడాదైంది. కోటు పోయింది, నొప్పి ఉంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి అడుగుతుంటారు, "మార్త మేడం, ఏం నేర్చుకొని రమ్మంటారు?" అని. మెషీన్ సంగతి కంపెనీవాళ్లు వచ్చి చెప్తారు. పుస్తకం సంగతి కాలేజీలో చెప్తారు. నాకు తెలిసింది ముగ్గురు మనుషుల సంగతి. ఒకరి దగ్గర నేను ధైర్యం చేశాను, ఒకరి దగ్గర తప్పు చేశాను. మూడో మనిషి నాకు పాఠం చెప్పి వెళ్లింది, అప్పటికి నా సర్వీసు ఇంకో వారమే మిగిలి ఉంది.

కాలువ చివరి పొలం

ముందు ఈ పనేమిటో చెప్పాలి.

యాంజియోగ్రామ్‌లో కనిపించేది రక్తనాళం నీడ. ఎక్కడ సన్నబడిందో తెలుస్తుంది. "డెబ్బై శాతం బ్లాకు" అనే మాట ఇప్పుడు ఊళ్లలో కూడా అందరి నోటా ఉంది. కానీ ఆ సన్నబడిన చోటు దాటాక గుండె కండకు రక్తం చాలుతున్నదా లేదా అన్నది నీడ చెప్పదు. సాగర్ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది ఒక్క మాటలో అర్థమయ్యేది. తూము దగ్గర నిలబడి చివరి పొలం తడిసిందో లేదో చెప్పగలవా అని అడిగేదాన్ని. "అక్కడికి పోయి చూడాల్సిందే" అనేవాళ్లు.

మేము అలా పోయి చూసేది ఒక తీగతో. వెంట్రుకంత సన్నగా ఉంటుంది, కొస దగ్గర ఒత్తిడి కొలిచే సెన్సర్ ఉంటుంది. డాక్టరు దాన్ని మణికట్టు నుంచి గుండె నాళంలోకి పంపి, సన్నబడిన చోటు దాటిస్తాడు. ఇవతల ఒత్తిడి ఎంత, అవతల ఎంత అని స్క్రీన్ మీద పోల్చి చూస్తాం. అప్పుడు రక్తనాళంలోకి ఒక మందు ఎక్కిస్తాం. మనిషి పరుగెత్తినప్పుడు తెరుచుకున్నట్టు గుండెలోని చిన్న నాళాలన్నీ ఆ మందుతో తెరుచుకుంటాయి. ఆ రెండు నిమిషాల్లో ఇవతలి ఒత్తిడిలో అవతల ఎంత వంతు మిగిలిందో చూస్తాం. 0.80, అంతకన్నా తక్కువైతే స్టెంటుతోనో ఆపరేషన్‌తోనో మేలు ఉంటుంది. దానికి పైన ఉంటే చాలామందికి మాత్రలు చాలు.

తీగ వేసేది డాక్టరు. దాన్ని సరిచేసేది, మందు పంపు నడిపేది, అంకె చదివేది నా పని. అంకె చిన్నదే, మనిషి బతుకు దాని మీద ఇటో అటో ఒరుగుతుంది.

వెనక్కి లాగి చూద్దాం సార్

మా డాక్టరు రాఘవ గారు మధిర వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి. చెయ్యి బంగారం. మూడు జిల్లాల్లో ఆయనంత వేగంగా నాళం తెరిచేవాళ్లు లేరనేవాళ్లు. ఆ వేగమే ఆయన లోపం కూడా. నీడ చూడగానే మనసులో నిర్ణయం అయిపోయేది. తీగ వేసేది ఆ నిర్ణయానికి సంతకం పెట్టించుకోవడానికే.

బోనకల్ దగ్గరి పల్లె నుంచి వెంకయ్య అనే మిర్చి రైతు వచ్చాడు. యాభై దాటిన మనిషి. బస్తా ఎత్తితే ఛాతీలో మంట అన్నాడు. నీడలో ముందువైపు పెద్ద నాళం సన్నబడి కనిపించింది. రాఘవ గారు అద్దం అవతల నిలబడ్డ వెంకయ్య భార్యకు సైగ చేసి చెప్పేశారు, స్టెంటు పడుతుందని. తర్వాత తీగ వేశారు. మందు ఎక్కించాను. అంకె 0.78 దగ్గర ఆగింది.

"చూశావా" అన్నారు సార్. "స్టెంటు తీయండి."

ఇక్కడ ఒక నియమం ఉంది. కొలత అయ్యాక తీగను మొదలుపెట్టిన చోటికి వెనక్కి లాగాలి. అక్కడ రెండు ఒత్తిళ్లు సమానంగా ఉండాలి, అంటే అంకె 1.00 రావాలి. రాకపోతే సెన్సర్ మధ్యలో జరిగిందని అర్థం, ముందొచ్చిన కొలత చెల్లదు. అప్పటికే నర్సు స్టెంటు ప్యాకెట్ చేతిలోకి తీసుకుంది.

"వెనక్కి లాగి చూద్దాం సార్" అన్నాను.

"ఇంకా ఏం చూస్తావ్ మార్తా? తక్కువే వచ్చింది కదా."

"ఒక్కసారి సార్."

గదిలో ఐదుగురం ఉన్నాం. వెంకయ్య మత్తులో లేడు, అన్నీ వింటున్నాడు. సార్ నా వైపు చూడకుండా తీగ లాగారు. అంకె 0.93 దగ్గర నిలబడిపోయింది. మళ్లీ సమానం చేసి, మళ్లీ దాటించి, మళ్లీ మందు ఎక్కించాం. ఈసారి 0.86. వెనక్కి లాగితే 1.00 వచ్చింది.

సార్ గ్లవ్స్ తీసి బుట్టలో పడేసి బయటికి వెళ్లిపోయారు. "స్టెంటు అక్కర్లేదని వాళ్లకు నువ్వే చెప్పు" అన్నారు తలుపు దగ్గర.

వెంకయ్య భార్య కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకుంది. "స్టెంటు వెయ్యట్లేదంటే... ఇగ లాభం లేదనా అమ్మా?" అంది. ఏడుస్తున్నది. అవసరం లేదని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఈ పనిలో చెయ్యడం నేర్పిస్తారు, చెయ్యకపోవడం ఎందుకో చెప్పడం ఎవరూ నేర్పరు. నమ్మీ నమ్మక మాత్రలు తీసుకొని వెళ్లారు. తర్వాత చాలా ఏళ్లు చెకప్‌కు వచ్చేవాడు. బీడీ మానేశాడు, మిర్చి పండిస్తూనే ఉన్నాడు.

సార్ నాతో నెల రోజులు మాట్లాడలేదు. నాకు మాత్రం లోపల గర్వంగా ఉండేది. దాచడం ఎందుకు, చాలా గర్వంగా ఉండేది. మెషీన్‌ను నాకంటే బాగా ఎరిగినవాళ్లు లేరనుకున్నాను. అది మెషీన్ వరకు నిజమే కావచ్చు.

ప్రకాశం మామ

మా నాన్న పాల్వంచ పవర్ ప్లాంటులో పనిచేసేవాడు. ప్రకాశం మామ ఆయనకు షిఫ్టులో తోడు, వయసులో చిన్నవాడు. కాలనీలో మా క్వార్టర్‌కు ఎదురు వరస. చర్చిలో మా వెనక బెంచీ. నన్ను చిన్నప్పటి నుంచి "బిడ్డా" అనే పిలిచేవాడు. నాన్న పోయినప్పుడు పెట్టెకు ముందు భుజం పట్టింది ఆయనే.

వెంకయ్య సంగతి జరిగిన మరుసటి ఏడాది, ప్రకాశం మామకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. అప్పటికి ఆయనకు ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. టర్బైన్ ఫ్లోర్‌లో పని, రోజుకు పదిసార్లు ఇనుప మెట్లు ఎక్కి దిగాలి. నేనే రమ్మన్నాను. మొదటి బస్సుకు బయలుదేరి భార్య రాహేలు అత్తతో వచ్చాడు.

నీడలో ఒక చోట మధ్యస్థంగా సన్నబడి ఉంది. ఇలాంటి చోటే తీగ పనికొస్తుంది. తీగ వేసే ముందు మా దగ్గర ఒక కాగితం ఉంటుంది. ఉబ్బసం ఉందా, ఫలానా మాత్రలు వాడుతున్నారా, నిన్నటి నుంచి టీ గాని కాఫీ గాని తాగారా. చివరి ప్రశ్న ఎందుకంటే, టీలో ఉండే కెఫీన్ మేమెక్కించే మందును సరిగా పనిచేయనివ్వదు. నాళాలు పూర్తిగా తెరుచుకోవు, అంకె ఉండాల్సిన దానికంటే ఎక్కువ చూపిస్తుంది. చెడ్డ నాళం మంచిదానిలా కనిపిస్తుంది.

ఆ ప్రశ్న నేను అడగలేదు. పొద్దున్నుంచి ఏమీ తినొద్దని వార్డువాళ్లు ముందురోజే ఫోన్‌లో చెప్పారు కదా, ఇక టీ ఎక్కడిది అనుకున్నాను. మనవాడే కదా, పేపర్ల పేరుతో విసిగించడం ఎందుకు అనుకున్నాను. లేదు అన్న గడిలో టిక్కు పెట్టాను.

మందు ఎక్కించాను. ఈ మందు ఎక్కితే చాలామందికి ఛాతీ పట్టేసినట్టు, ఊపిరి అందనట్టు అవుతుంది. ఆపగానే పోతుంది. కొందరు చచ్చిపోతున్నామని అరుస్తారు. అందుకే ముందే చెప్పి ఉంచేదాన్ని.

"మామా, ఎట్ల ఉంది? ఛాతీల పట్టినట్టు అయితాందా?"

"ఏం లేదు బిడ్డా. మంచిగనే ఉన్న" అన్నాడు నవ్వుతూ.

నాకు సంతోషం వేసింది. మామకు బాధ తెలియలేదు అని. ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. ఆయనకు ఏమీ కాకపోవడమే నాకు అందాల్సిన హెచ్చరిక. బీపీ కూడా పెద్దగా దిగలేదు. మందు పనిచేయడం లేదని స్క్రీన్ చెప్తోంది, మనిషి చెప్తున్నాడు. నేను అంకె ఒక్కటే చూస్తున్నాను. 0.83. వెనక్కి లాగితే 1.00. నా పని సక్రమం.

"మాత్రలు చాలు" అన్నారు రాఘవ గారు.

ఐసీయూ బయట

నెల తిరగకముందే ప్రకాశం మామను అంబులెన్స్‌లో తెచ్చారు. డ్యూటీలో ఇనుప మెట్ల మీదే కూలబడ్డాడట. అదే నాళం, అదే చోటు, ఈసారి పూర్తిగా మూసుకుపోయింది. రాఘవ గారు పావుగంటలో తెరిచి స్టెంటు వేశారు. ప్రాణం దక్కింది. కానీ గుండె కండ కొంత చచ్చిపోయింది.

మధ్యాహ్నం ఐసీయూ బయట రాహేలు అత్త పక్కన కూర్చున్నాను. ఆమె ఏదో ఒకటి మాట్లాడుతోంది, ఆగితే ఏడుపొస్తుందని.

"ఎన్నడు దవాఖానా మొకం చూసినోడు కాదు బిడ్డా. మొన్న మీ పరీక్షకు వచ్చిన నాడు గూడ, పాపం, ఏం తినొద్దన్నరని పొద్దుగాల ఫ్లాస్కుల టీ పోసిస్తే అదొక్కటే తాగి బస్సెక్కిండు. రెండు గిలాసలు. గంతే. సాయంత్రం దాకా ఆకలికి ఉన్నడు."

నేను లేచి రికార్డుల గదికి వెళ్లాను. కాగితం తీసి చూశాను. లేదు అన్న గడిలో నా టిక్కు, కింద నా సంతకం.

ఆ కాగితం పట్టుకొని రాఘవ గారి గదికి పోయాను. జరిగింది చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. అంతకంటే, వెంకయ్య రోజు జరిగిన దానికి బదులు తీర్చుకునే అవకాశం ఈయనకు ఇవాళ దొరికింది అనుకున్నాను. మనుషుల్ని అంత తక్కువగా కొలిచే అలవాటు నాకుండేది.

ఆయన కాగితం తీసుకొని చూశారు.

"టీ తాగకపోతే ఎంత వచ్చేదో ఎవరికీ తెలియదు మార్తా. డెబ్బై ఏడు రావచ్చు, ఎనభై రెండు రావచ్చు. మంచి కొలత వచ్చినవాళ్లకు కూడా హార్ట్ ఎటాక్ వస్తుంది. నువ్వే చేశావని చెప్పలేను, చెయ్యలేదనీ చెప్పలేను."

"తెలుసు సార్."

"మందు పనిచేస్తుందో లేదో నేనూ చూడాల్సింది. నేనూ అంకే చూశాను." కాగితం నా చేతికిచ్చారు. "ఆ రోజు నువ్వు నలుగురిలో నన్ను ఆపావు. నాకు తల కొట్టేసినట్టయింది, కానీ ఆపావు. రేపు ల్యాబ్ మీటింగులో ఇద్దరం నిలబడి చెబుదాం. ఆ ఇంటివాళ్లకు మాత్రం ముందు చెప్పాలి. నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తా సార్" అన్నాను.

మామను వార్డులోకి మార్చాక చెప్పాను. మంచం పక్కన స్టూలు మీద కూర్చొని, ఒక్కటీ దాచకుండా చెప్పాను. ఆయన పైకప్పు చూస్తూ విన్నాడు.

"నువ్వు అడిగితే చెప్పేటోన్నే బిడ్డా" అన్నాడు.

అంతే. ఎదురు వరస క్వార్టర్‌లో నన్నెత్తుకొని తిరిగిన మనిషి.

రాహేలు అత్త మాత్రం నా మాటలు వేరేగా విన్నది. "అంటే, నేను పోసిన టీ..." అంది.

"కాదత్తా. టీ తాగితే పరీక్ష రేపటికి వాయిదా వేసేవాళ్లం, అంతే. అడగకపోవుడు నా తప్పు."

"నేనే పోసిన. ఇంకో గిలాస తాగుమని నేనే అన్న."

ఆ మాట ఆమె మనసులోంచి నేను తీయలేకపోయాను. తర్వాత నెలకోసారి పాల్వంచ వెళ్లేదాన్ని. వెళ్లినప్పుడల్లా ఏదో ఒక రూపంలో చెప్పేదాన్ని, నీది కాదు అత్తా అని. తలూపేది. ఆ ఇంట్లో టీ కాయడం మానేశారు. ప్లాంటువాళ్లు మామకు గేటు ఆఫీసులో కూర్చొని చేసే పని ఇచ్చారు. ఇనుప మెట్లు మళ్లీ ఎక్కలేదు. ఐదేళ్లు బతికి, రిటైరైన ఏడాదికి పోయాడు. చివరికి గుండె అలసిపోయింది.

నిజం చెప్పకుండా ఉండాల్సిందా అని కొందరు అడిగారు. లేదు. కానీ నిజం చెప్పి బరువు దించుకున్నానని మీరెవరూ అనుకోవద్దు. అది చోటు మారుతుంది, అంతే. చెప్పినవాళ్లు చెప్పి వెళ్లిపోకూడదు, మళ్లీ మళ్లీ వెళ్తూ ఉండాలి.

పిల్లలకు నాలుగు మాటలు

ఆ తర్వాత మా ల్యాబ్‌లో పద్ధతి మారింది. టీ సంగతి వార్డువాళ్లు అడిగినా సరే, బల్ల మీద మళ్లీ టెక్నీషియనే అడగాలి. "ఏమీ తినలేదు కదా" అని అడగొద్దు, మనవాళ్లకు టీ తిండి కింద లెక్క కాదు. "పొద్దున లేచినప్పటి నుంచి నోట్లో ఏం పోసుకున్నారు?" అని అడగాలి. మందు ఎక్కుతుంటే మనిషి మొహం చూడాలి. ఏమీ అనిపించడం లేదంటే సంతోషపడొద్దు, అనుమానపడాలి.

ఇప్పుడు ఆ మందే అక్కర్లేని కొలతలు వచ్చాయి. టీ బాధ వాటికి లేదు. మీరు అదృష్టవంతులు. కానీ ప్రతి మెషీన్‌కూ దాని టీ ఒకటి ఉంటుంది, అదేదో మీరు వెతుక్కోవాలి.

బాసుల గురించి అడుగుతారు. మీరు ఆపితే కోప్పడే బాసుతో పనిచేయవచ్చు. మీరు ఆపినా ఆగని బాసు దగ్గర మాత్రం ఉండకండి. రాఘవ గారు కోప్పడే రకం. ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను.

ఇంకొకటి. అలసటగా ఉన్న రోజు మనకు బాగా తెలిసిన మనిషి వస్తే, ఆ మనిషిని పరాయివాడిలా చూడండి. అదే ప్రేమ.

గుట్ట మధ్యలో

రిటైర్‌మెంట్ ఇంకో వారం ఉందనగా ముత్తమ్మ వచ్చింది. భద్రాచలం దాటి, చర్ల దాటి, ఇంకా లోపల అడవి అంచు ఊరు. యాభై ఐదేళ్లుంటాయి. ఆమెకు తెలుగు కొంచెం వచ్చు, మిగతాది కోయలో మాట్లాడితే భర్త తెలుగులో చెప్పేవాడు. ఐదు నెలలుగా మాత్రలు వాడుతోంది.

తీగ వేశాం. అన్నీ అడిగాను, అన్నీ సరిచూశాను. 0.80. మళ్లీ కొలిచాం. 0.81. వెనక్కి లాగితే 1.00. అంకె సరిగ్గా గట్టు మీద కూర్చుంది. ఇటూ లేదు, అటూ లేదు.

రాఘవ గారికి కూడా జుట్టు పూర్తిగా తెల్లబడింది. తల తిప్పి నన్ను అడిగారు. "ఏమంటావ్?"

"కొలత మంచిదే సార్. కానీ దీంతో చెప్పలేం."

మా ఇద్దరి మొహాలూ చూసి ముత్తమ్మ కోయలో ఏదో అడిగింది. ఆమె భర్తను అద్దం ఇవతలికి, తలుపు దగ్గరికి పిలిపించాం.

"మీ మిషన్ ఏమంటాందని అడుగుతాంది" అన్నాడు.

"మధ్యల ఉందంటాంది" అన్నాను.

ఆమె కాసేపు కోయలో మాట్లాడింది. మధ్యలో రెండు వేళ్లు ఎత్తి చూపించింది. భర్త చెప్పాడు. "చేనుకు పోవాల్నంటే గుట్ట ఎక్కాల. మాత్రలు మింగినా గుట్ట మీద రెండు తావుల కూసుంటాంది. పోయిన వానకాలం ఒక్కతావునే కూసునేది. అంతకుముందు కూసునేదే కాదు. ఇంకో వానకాలానికి చేనుకు పోనేమో అంటాంది."

రాఘవ గారు ఆ గుట్ట ఎంత ఎత్తు, సగం ఎక్కాక ఎక్కడ నొప్పి, కూర్చుంటే ఎంతసేపటికి తగ్గుతుంది అని అడిగారు. ఒక్కో ప్రశ్నకూ ఆగి విన్నారు. ఒకప్పుడు నీడ చూసి నిర్ణయం చేసేసే మనిషి, చేతిలో తీగ పట్టుకొని, ఒక గుట్ట గురించి ఐదు నిమిషాలు విన్నారు. తర్వాత స్టెంటు వేద్దామన్నారు. ముత్తమ్మ సరే అంది.

మా రిపోర్టులో అలాంటి మాటలకు గడి లేదు. కింద ఖాళీ జాగాలో రాశాను, మాత్రలు వాడుతున్నా గుట్ట మీద రెండు చోట్ల ఆగుతోంది, నిరుడు ఒక్క చోటే ఆగేది అని. రాసి సంతకం పెట్టాను. ఇన్నేళ్లలో ఎంతమంది ఎన్ని మెట్ల దగ్గర ఆగారో నేను రాయలేదు కదా అనిపించింది. చాలా అలసటగా అనిపించింది.

నేను దిగిపోయిన రెండు నెలలకు, నా చోట్లో చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. ముత్తమ్మ చెకప్‌కు వచ్చి నన్ను అడిగిందట. ఎలా ఉందమ్మా అన్నాను.

"మంచిగుంది మేడం. గుట్ట మీద ఇప్పుడు ఒక్క తావునే కూసుంటాందంట. రిపోర్టు కింద రాసిన."